బస్టాండులో ఇకపై ఎవరూ పోరు

"ఈ క్షణం నుంచి మన బస్టాండులో ఒక్క ప్రాణం కూడా పోదు. ఇది నా మాట కాదు, ప్రభుత్వ ఉత్తర్వు," అని మంత్రిగారు మైకులో ప్రకటించారు.

మా వదినగారి ఊరి బస్సు కోసం మూడో నంబరు ప్లాట్‌ఫారం మీద నిలబడ్డ నాకు ఒళ్లు పులకరించింది. వేదిక పక్క గోడకు ఒక తెల్లటి పెట్టె బిగించి, ఎర్ర రిబ్బను కట్టారు. లోపల ఉన్నది ఆగిన గుండెకు షాకిచ్చి మళ్లీ నడిపించే యంత్రమట. మంత్రిగారు రిబ్బను కత్తిరించడమే తరువాయి.

ప్రసంగం మూడో పేజీలో ఉండగా మైకు కీచుమని మూగబోయింది. మైకుసెట్టు నడిపే ఆయన గుండె పట్టుకుని, వైర్లతో సహా నేలమీద కూలిపోయాడు.

జనం ఒక్కసారిగా అటు పరిగెత్తారు. ఆ పరుగును తన మీది అభిమానంగా స్వీకరించి మంత్రిగారు చేతులు జోడించారు. వినయంగా నాలుగో పేజీ తిప్పారు.

అందరికంటే ముందు చేరింది ఆసుపత్రి దుప్పట్లు ఇస్త్రీ చేసే ఆవిడ. మూట పక్కన పడేసి, ఆయన ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూసింది.

"ఊపిరి లేదు," అని మోకాళ్ల మీద కూర్చుని, రెండు చేతులూ కలిపి ఛాతీ మీద నొక్కసాగింది.

"ఇదెక్కడ నేర్చుకున్నావమ్మా?" అన్నారు పక్కనున్న రిటైరైన లెక్కల మాస్టారు.

"నర్సమ్మలు బొమ్మ మీద నేర్పుతుంటే చూశానయ్యా. మీరు లెక్కపెట్టండి. ముప్పై దాటితే నాకు తికమక."

మాస్టారు క్లాసురూము గొంతుతో లెక్క మొదలుపెట్టారు. నా వంతు సాయంగా నేను మైకు ఆయన చెప్పులు విప్పి పట్టుకున్నాను. ఇంతలో ఆయన జేబులో ఫోను మోగింది. తెర మీద 'ఇంటావిడ' అని ఉంది. ఎవరూ తీయకపోతే నేనే తీశాను.

"మీ ఆయనకి ఒంట్లో బాగోలేదమ్మా. పెద్దాసుపత్రికి తీసుకెళ్తున్నాం, మీరూ వచ్చేయండి," అన్నాను.

మా బస్సు డ్రైవరు పెట్టె వైపు దూకాడు. మంత్రిగారి పీఏ అడ్డం నిలబడ్డాడు.

"రిబ్బను సారు కత్తిరించాలండీ."

"అక్కడ మనిషి పోతున్నాడయ్యా."

"పోడండీ. ఉత్తర్వు వచ్చేసింది కదా."

డ్రైవరు రిబ్బను పళ్లతో తెంపి పెట్టె తెరిచాడు. లోపల యంత్రం తళతళలాడుతోంది. బ్యాటరీ మాత్రం లేదు.

"అది కరెంటు శాఖ వాళ్లదండీ," అన్నాడు పీఏ. "వాళ్ల ప్రారంభోత్సవం వచ్చే నెల."

డ్రైవరు బస్సు తెచ్చి పక్కన ఆపాడు. మైకు ఆయన్ని సీట్ల మధ్య పడుకోబెట్టాం. మా వదినగారి ఊరు ఎడమవైపు. బస్సు కుడివైపు తిరిగింది. ఎక్కిన నలభై మంది ప్రయాణికుల్లో ఒక్కరూ ఎందుకని అడగలేదు. ఇస్త్రీ ఆవిడ చేతులు పడిపోతే కండక్టరు, ఆయన అలిసిపోతే కళ్లద్దాల అమ్మాయి ఒకతె నొక్కుతూనే ఉన్నారు. మాస్టారి లెక్క ఆగలేదు.

ఆసుపత్రిలో షాకిచ్చారు. రెండోసారికి గుండె కొట్టుకుంది.

"దారిలో చేతులు ఆపి ఉంటే ఈయన దక్కేవాడు కాదు," అంది డాక్టరమ్మ. అప్పటికే వచ్చిన ఆయన భార్య ఇస్త్రీ ఆవిడ చేతులు రెండూ పట్టుకుని కళ్లకద్దుకుంది. కండక్టరు భుజం తట్టేదాకా మాస్టారు లెక్కపెడుతూనే ఉన్నారు.

పదకొండు పేజీలూ ఖాళీ కుర్చీలకు వినిపించి, మంత్రిగారు కెమెరాలతో వార్డులోకి విచ్చేశారు.

"నేను కాపాడిన మనిషి ఏడీ?"

ఫొటో కోసం మైకు ఆయన ఛాతీ మీద చేతులు వేయబోతే డాక్టరమ్మ అడ్డుకుంది. "ఇప్పుడే బతికాడు. ముట్టుకోవద్దు."

మంత్రిగారు పీఏ వైపు చూశారు. పీఏ కళ్లజోడు తీసి జేబులో పెట్టుకుని, పక్కనున్న ఖాళీ మంచం మీద పడుకున్నాడు. అంతటి కర్తవ్యదీక్ష నేనెక్కడా చూడలేదు.

"బతికున్నోళ్ల మీద చెయ్యకూడదయ్యా," అంది ఇస్త్రీ ఆవిడ.

"మావాడికి అలవాటేనమ్మా," అని మంత్రిగారు చొక్కా చేతులు మడిచి నొక్కారు.

"ఇంకొంచెం గట్టిగా సార్. నమ్మబుద్ధి కావట్లేదు," అన్నాడు ఫొటోగ్రాఫరు.

మూడో నొక్కుకు పీఏ లోపలినుంచి ఎండుపుల్ల విరిగిన చప్పుడు వచ్చింది. ఫొటో మాత్రం అద్భుతంగా పడింది.

డాక్టరమ్మ పీఏని ఆ మంచం మీదే చేర్చుకుంది. అరగంట తర్వాత అతను ఆయాసపడుతూ పత్రికాఫీసుకు ఫోను చేశాడు. ఆ ఫోనును అతని చెవి దగ్గర పట్టుకున్నది నేనే.

"రాసుకోండి... మంత్రిగారు... స్వహస్తాలతో... ప్రాణాలు నిలబెట్టారు."

"ఎంతమందినండీ?" అంది అవతలి గొంతు.

పీఏ మైకు ఆయన మంచం వైపు చూశాడు. తర్వాత మెల్లగా తన పక్కటెముకలు తడుముకున్నాడు.

"ఇద్దర్ని," అన్నాడు.