చెమటకు చెరిగే ఆశయాలు

ఈ ఊళ్లో ఏ కారణమూ లేకుండా నలభై రెండు కిలోమీటర్లు పరిగెత్తిన మనిషిని నేనొక్కణ్ణే. మిగతావాళ్లందరికీ కారణాలున్నాయి. నాకు లేవు. కాళ్లున్నాయి, వాడాను, అంతే.

ఇందులో చిన్న సవరణ. నలభై రెండు కాదు, ఇరవై ఒకటి. ఇంకో సవరణ ఏమిటంటే, ‘పరిగెత్తడం’ అనే మాట మొదటి ఆరు కిలోమీటర్లకే వర్తిస్తుంది. ఆ తర్వాత నేను చేసినదానికి నిఘంటువులో ఇంకా మాట పడలేదు. కారణం లేకపోవడం మాత్రం నూటికి నూరుపాళ్లూ నిజం.

కారణాల గొడవ మొదలుపెట్టింది పరుగు సంఘం అధ్యక్షులు, పళ్ల డాక్టరు గారు. పోయినేడు దరఖాస్తులో ‘ఎందుకు పరిగెడుతున్నారు’ అన్న గడిలో అందరూ ‘ఆరోగ్యం కోసం’ అని రాసి ఊరుకున్నారు. డాక్టరు గారికి ఇది అవమానంగా తోచింది. “ఆరోగ్యం కావాలంటే ఎవరి వీధిలో వాళ్లు నడుచుకోవచ్చు. రోడ్లు మూయించి, పోలీసుల్ని నిలబెట్టి పరిగెడుతున్నామంటే దీని వెనక ఒక మహత్తరమైన ఆశయం ఉండి తీరాలి” అని సమావేశంలో ప్రసంగించారు. ఉండి తీరాలని ఏకగ్రీవంగా తీర్మానం కూడా చేశారు. ఈ ఏడాది నుంచి ప్రతి ఒక్కరూ స్వయంగా వెళ్లి తమ ఆశయాన్ని టీషర్టు వీపు మీద అచ్చు వేయించుకోవాలి. ఆశయం లేనివారు పరుగుకు అనర్హులు.

ఆ అచ్చుపని మా అక్క షాపుకి వచ్చింది. అక్క ముందు గదిలో కౌంటరు చూస్తుంది. నేను వెనక గదిలో ఇంకులు కలిపి అచ్చు వేస్తాను. షాపు తాళాలు నా చేతికిమ్మని రెండేళ్లుగా అడుగుతున్నాను. అక్క ప్రతిసారీ వేళ్లు మడుస్తుంది: మూడు తీగల దాకా నేర్చుకున్న గిటారు, చేతులు మాత్రం వచ్చిన ఈత, ‘క’ నుంచి ‘ట’ వరకు వచ్చిన టైపు. “ఒక్కటి చివరిదాకా చేసి చూపించరా. తర్వాత తాళాలడుగు” అంటుంది. ఆమె ఆ మాట అన్న మర్నాడే నేను పరుగుకి పేరిచ్చాను. ఈ రెంటికీ ఏ సంబంధమూ లేదని పాఠకులు గమనించగలరు.

జనం రావడం మొదలైంది. అరవై మూడు మంది. కౌంటరు దగ్గర అక్కకి ఆశయం చెప్పి, సైజు చూసుకోవడానికి నా గదిలో ఉన్న అద్దం దగ్గరికి వస్తారు. అద్దం ముందు మనిషి పొట్ట లోపలికి పీల్చుకుంటాడు. ఎంతసేపని పీల్చి ఉంచగలడు? వదిలేటప్పుడు పొట్టతో పాటు నిజం కూడా బయటికొస్తుంది.

బ్యాంకు మేనేజరు గారి ఆశయం ‘కరిగిపోతున్న మంచుకొండల కోసం’. పొట్ట వదిలాక, “ఎదురింటాయన పోయినేడు పరుగులో మెడల్ తెచ్చి గుమ్మానికి తగిలించాడయ్యా. కాలింగ్ బెల్ పక్కనే. ఎవరొచ్చినా అది చూశాకే మా బెల్ కొడుతున్నారు” అన్నారు.

హెడ్‌మిస్ట్రెస్ గారిది ‘రేపటి పౌరుల కోసం’. “ప్రాక్టీసుకెళ్తున్నానంటే రెండు గంటలు ఇంట్లో ఎవరూ నన్ను పిలవరు నాన్నా. నేను పరిగెత్తను కూడా. చివరి బస్టాపులో కూర్చుంటాను” అన్నారు.

రిటైరైన ఇన్‌స్పెక్టరు గారు ‘విశ్వశాంతి కోసం’ పరిగెడుతున్నారు. “ఇప్పుడు నన్ను చూసి ఎవరూ పక్కకి జరగట్లేదురా” అని అద్దంతో చెప్పుకున్నారు. సాక్షాత్తూ డాక్టరు గారిది ‘మానవాళి చిరునవ్వు కోసం’. ఆయన పొట్ట నిమురుకుంటూ, “మా బావమరిది పూర్తి చేశాడు. వాడు. ఆ మొహానికి” అన్నారు.

ఇంత విలువైన సమాచారాన్ని వృథా పోనివ్వడం నా వృత్తిధర్మానికి విరుద్ధం. ముందు ప్రతి వీపు మీదా ఉతికినా పోని ఇంకుతో అసలు కారణం వేశాను. దాని మీద నీళ్లకు కరిగే తెల్లటి పూత పూశాను. ఆ పూత మీద, నీళ్లకు కరిగే ఇంకుతోనే, ఆశయం వేశాను. నాకు కారణం లేదు కాబట్టి నా టీషర్టుకి పూత అక్కర్లేకపోయింది. నేరుగా ‘సత్యం కోసం’ అని వేసుకున్నాను. పరుగు రోజు పొద్దున దాన్ని అక్కే మడత పెట్టి చేతికిచ్చింది. అంత ప్రేమ ఎందుకా అని అనుమానించి ఉండాల్సింది.

మొదటి మూడు కిలోమీటర్లూ మంచుకొండలు, రేపటి పౌరులు, విశ్వశాంతి అందరూ క్షేమంగా సాగారు. నాలుగో కిలోమీటరులో చెమట పట్టింది. అయిదో కిలోమీటరులో జనం నెత్తిన నీళ్లు పోసుకున్నారు. మానవాళి చిరునవ్వు కారి నడుం దాకా వచ్చింది. దాని కింద నల్లటి అక్షరాలతో ‘బావమరిది పూర్తి చేశాడు గనక’ తేలింది.

తమ వీపు తమకు కనబడని ఏర్పాటు చేసినందుకు సృష్టిని అభినందించాలి. ప్రతివాడూ ముందువాడి వీపు చదివి నవ్వుకుంటూ, తన వీపుని నిశ్చింతగా వెనకవాడికి అప్పగించి పరిగెత్తాడు. ఎవరూ ఎవరినీ హెచ్చరించలేదు. హెచ్చరిస్తే ఆ చదువు ఆగిపోతుంది. ఇన్‌స్పెక్టరు గారి వీపు చదివిన మేనేజరు గారు మాత్రం, ఆయన్ని దాటేశాక ఆయన మళ్లీ వెనక నుంచి వస్తుంటే పక్కకి జరిగి దారిచ్చారు. ఇన్‌స్పెక్టరు గారు ఆ తర్వాత రెండు కిలోమీటర్లు ఛాతీ విరుచుకునే పరిగెత్తారు.

నా వెనక ఎవరూ లేరు. అందరికన్నా చివర ఉండటంలో నాకు కనిపించిన ఏకైక సౌకర్యం అదే.

నేను చేరేసరికి స్వాగత తోరణం విప్పేస్తున్నారు. డాక్టరు గారు వేదిక మీద ఇంకా ప్రసంగిస్తున్నారు. “మనల్ని నడిపించింది ఆశయం” అని, జ్ఞాపిక అందుకోవడానికి జనానికి వీపు తిప్పారు. చప్పట్లు ఎంతకీ ఆగలేదు. ఆయన కళ్లు చెమర్చాయి.

అక్క ముగింపు గీత దగ్గర నిలబడి ఉంది.

“ఆ పూత పని నీదేనా?” అంది.

“పూతేంటక్కా?”

“నిన్న మేనేజరు గారి టీషర్టు మీద టీ ఒలికింది. తడిగుడ్డతో తుడిచాను. మంచుకొండలు పోయి ఎదురింటాయన వచ్చాడు.”

“మరి ఆపలేదేం?”

“అరవై మూడు మళ్లీ వేసే టైమెక్కడిదిరా? మంచుకొండలు మళ్లీ వేశాక ఇంకొక్కటి వేసే టైముంది, నీది కొత్తది తీసి పూతతో సహా వేశాను. తిరుగు.”

తిరిగాను. ఫోనుతో నా వీపు ఫొటో తీసి చూపించింది. సత్యం పూర్తిగా కరిగిపోయింది. దాని కింద అక్క గుండ్రటి చేతిరాతలో ఉంది: ‘మా అక్క ముగింపు గీత దగ్గర నిలబడి ఉంటుందని.’

ఒప్పుకుంటున్నాను. పద్నాలుగో కిలోమీటరు దగ్గర, పడిపోయినవాళ్లని ఎక్కించుకునే వ్యాను నా పక్కన ఆగింది. ఒక కాలు మెట్టు మీద పెట్టాను కూడా. డ్రైవరు, “రావయ్యా, మీ వాళ్లెవరూ చూడరులే” అన్నాడు. ఆ మాట అనకుండా ఉంటే ఎక్కేసేవాణ్ణి. కాలు కిందికి దించాను.

మా షాపు షట్టరుకి రెండు తాళాలు. అక్క గుత్తిలోంచి ఒకటి తీసి చేతిలో పెట్టింది.

“రెండోదక్కా?”

“సగమే కదరా పరిగెత్తావు.”

అక్కడితో నా అబద్ధాలు అయిపోయాయి. ఈ కథని సాహిత్య సేవ కోసం రాశాను. మీరు విజ్ఞానం కోసం చదివారు. దయచేసి ఎవరూ తడిగుడ్డ తీయకండి.