ముఖచిత్రం మీద రాతిబల్లి

ఆ ఆదివారం పొద్దున్నే రాతిబల్లిని ఫొటో తీయాలని మాస్టారి ప్రణాళిక. తమ ప్రాంతపు సరీసృపాల పుస్తకం కోసం ఏళ్ల తరబడి గుట్టలెక్కింది ఆయన. ముఖచిత్రానికి మాత్రం, తోడల్లుడు పళ్లు తోముకుంటూ ఫోనుతో తీసిన తొండ ఖాయమయ్యేలా ఉంది. తనది అసూయ కాదని, ప్రమాణాల మీద పట్టింపని మాస్టారు తనకు తాను నచ్చజెప్పుకున్నారు.

రాతిబల్లి క్షణం నిలవదు. చలికి మందగిస్తుందని, దాన్ని పట్టుకొచ్చి డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచారు. పట్టి తెచ్చిన జంతువు ఫొటో ఇస్తే మనిషినే పుస్తకంలోంచి తీసేస్తానని సంపాదకురాలు అందరికీ చెప్పింది. అది గుర్తు రానివ్వకుండా మాస్టారు లైట్లు సర్దుకుంటున్నారు.

"ఈ డబ్బాలో ఏంటండీ?" వంటింట్లోంచి భార్య కేక.

బల్లి అంటే ఆవిడ ఇల్లు పీకి పందిరేస్తుంది. "స్వీట్లు. మీ చెల్లెలు వాళ్లకి. తెరవకు!"

"అమ్మయ్య! మా మరిది మీద కోపం పోయిందన్నమాట!"

మాస్టారు లైట్లు వెలిగించేసరికి డబ్బాకి రిబ్బను కట్టి ఆవిడ వెనక వీధిలో చెల్లెలింటికి వెళ్లిపోయింది. వస్తూనే విరుచుకుపడింది.

"ఖాళీ డబ్బా ఇప్పిస్తారా నా చేత? 'బావకి మేమంటే ఇంత చులకనా అక్కా' అని అది ఒకటే ఏడుపు!"

"ఖాళీయా? మరి అదెక్కడికి పోయింది?"

"ఏది?"

"...స్వీటు."

మాస్టారు దారిలో నిజం స్వీట్లు కొని వాళ్లింటికి పరుగెత్తారు. తలుపు తీసిన తోడల్లుడి ముఖం వెలిగిపోతోంది.

"రా అన్నయ్యా! మా కర్టెన్ మీద ఏం దొరికిందో చూడు!"

ఫోనులో రాతిబల్లి. పొలుసు పొలుసూ లెక్కపెట్టొచ్చు.

"ఎంత బుద్ధిగా నిలబడిందనుకున్నావ్! ఫొటో పంపించేశాక కిటికీలోంచి పోయింది."

అంతలో మాస్టారి ఫోను మోగింది. సంపాదకురాలు. "మాస్టారూ, ఆ బల్లి దానంతటదే ఇంట్లోకి వచ్చిందట. జరిగే పనేనా? మీరు ఊ అంటే అదే ముఖచిత్రం."

కాదంటే ఫ్రిజ్ సంగతి బయటపడుతుంది, ఏళ్ల కష్టం గంగలో కలుస్తుంది. ఎదురుగా తోడల్లుడు చంటిపిల్లాడిలా ఆశగా చూస్తున్నాడు. ఆ చూపులో పోటీ లేదు. ఏనాడూ లేదు. మాస్టారికి భరించరానిది అదే.

"జరుగుతుందండీ," అన్నారు నీరసంగా.

తోడల్లుడు ఆయన్ని వాటేసుకున్నాడు. "అయితే అన్నయ్యా, దీని జంట కూడా మా ఇంట్లోనే ఉంటుంది కదూ?"

సాయంత్రం దాకా మాస్టారు మంచం కింద పాక్కుంటూ టార్చి పట్టారు, ఫొటోగ్రాఫరు ఎటు చూపిస్తే అటు.