సిరిల్ గారి దిష్టిబొమ్మ

శనివారం ఉదయం వెంకటసుబ్బయ్య మాస్టారు పెట్టుకున్న పని చాలా చిన్నది. గుమ్మం మీది బొమ్మ దించాలి, తడిగుడ్డతో తుడవాలి, పదకొండింటికి లైబ్రరీ నుంచి వచ్చే హెలెన్‌కి ఇచ్చేయాలి, పడుకోవాలి. ఫిబ్రవరిలో భార్య జయలక్ష్మి పోయినప్పటి నుంచి ఆయన పనులన్నీ పడుకోవడంతోనే ముగుస్తున్నాయి.

ఏడేళ్ళ కిందట లండన్ శివారు ఇల్ఫర్డ్‌లో ఈ ఇల్లు కొన్నప్పుడు అటక మీద దొరికింది, అట్ట మీద గీసిన ఆ బొమ్మ. ఉరిమి చూసే గుడ్లు, చీపురుకట్ట మీసం, గడ్డం దాకా వేలాడే నాలుక. వెతుక్కోనక్కర్లేకుండా ఇల్లే దిష్టిబొమ్మ ఇచ్చిందని జయలక్ష్మి మురిసిపోయి, అద్దం కట్టించి గుమ్మం మీద తగిలించింది. ప్రతి శుక్రవారం పాత బొట్టు తుడిచి, అద్దం మీద కొత్తది పెట్టేది. అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ ఒకటే మాట: "ఈ ఇల్లు ఖాళీ చేసిన రోజే ఇది దిగేది."

కిందటి నెలలో హెలెన్ ఉత్తరం రాసింది. ఈ ఇంట్లో ఒకప్పుడు సిరిల్ హాబ్‌డే అనే చిత్రకారుడు ఉండేవాడట. ఆయన మీద ప్రదర్శన పెడుతున్నారట, ఆయన బొమ్మలేవైనా ఇంట్లో ఉంటే ఇమ్మంది. మాస్టారు ఇస్తానని మాటిచ్చారు. ఇప్పుడు బొమ్మను వంటింటి బల్ల మీద పడుకోబెట్టి, గుడ్డ తడిపి, అద్దం మీది బొట్టు వంక చూస్తూ నిలబడ్డారు. అది జనవరి ఆఖరి శుక్రవారం నాటిది.

బెల్ మోగింది. ఎదురింటి మధులిక, చేతిలో పులిహోర డబ్బాతో.

"చెప్పకుండా వెళ్ళిపోదామనుకున్నారా అంకుల్? బొమ్మ దిగింది, చూశాను. ప్రయాణంలో తినండి."

"ఎక్కడికీ వెళ్ళడం లేదమ్మా. బొమ్మ లైబ్రరీకి ఇస్తున్నాను."

"అంటే సామాన్లన్నీ డొనేట్ చేసేస్తున్నారా?" అంటూనే ఆమె ఫోన్ తీసి వీధివాళ్ళ గ్రూప్‌లో టైప్ చేసింది.

మాస్టారు ముప్ఫై ఏళ్ళు లెక్కలు చెప్పారు. ఒక తప్పు మెట్టు పడితే కింది మెట్లన్నీ తప్పే వస్తాయని తెలుసు. దిద్దడానికి ఓపిక లేదు. మళ్ళీ గుడ్డ అందుకున్నారు.

ఫోన్ మోగింది. కార్డిఫ్ నుంచి కూతురు సిరి.

"నాన్నా, హౌస్ సేల్ చేస్తున్నావా? నాకు స్ట్రీట్ గ్రూప్‌లో తెలియాలా?"

"అమ్మడం లేదమ్మా."

"మరి బొమ్మ ఎందుకు తీశావ్?"

"తుడుద్దామని."

"అమ్మ బొట్టా?" అని ఫోన్ పెట్టేసింది.

మళ్ళీ బెల్. ఈసారి అదే వీధిలో ఉండే బాలాజీ. "అంకుల్, ఆంటీ వెట్ గ్రైండర్ కార్డిఫ్ తీసుకెళ్తారా? ఊరికే అడుగుతున్నా." అతని వెనక అదే గ్రైండర్ కోసం ఇంకో ముగ్గురు, ఊరికే అడగడానికే వచ్చారు. వాళ్ళ వెనక పక్కింటి గుంటూరు ఫయాజ్ రోడ్డుకి అడ్డంగా వ్యాన్ పెట్టి దిగాడు.

"మాస్టారూ, మీరు ముట్టుకోకండి. నడుం పట్టేస్తుంది." మాస్టారు నోరు తెరిచేలోగా వంటింట్లోకి వెళ్ళి గ్రైండర్ ఎత్తుకొచ్చాడు.

సరిగ్గా పదకొండింటికి హెలెన్ వచ్చింది. గుమ్మం ముందు అప్పటికి పోగైన పదకొండుమందిని చూసి ఆగిపోయింది.

"వీళ్ళంతా సిరిల్ కోసమే వచ్చారా? పోయిన వారం మా మీటింగ్‌కి నలుగురే వచ్చారు. అందులో ఒకాయన వాన తగ్గేదాకా ఆగాడు."

కాదని చెప్పడానికి ఎవరికీ మనసొప్పలేదు. ఆమె అక్కడే నిలబడి చెప్పుకొచ్చింది. సిరిల్ నలభై ఏళ్ళు కస్టర్డ్ డబ్బాలకీ, టైర్లకీ, సబ్బులకీ బొమ్మలు వేశాడు. సాయంత్రం పత్రికలో ఒక మూల పంతొమ్మిదేళ్ళు రోజుకో కార్టూన్ గీశాడు. డబ్బాలు చెత్తబుట్టలోకి పోయాయి, పత్రికలో చిప్స్ పొట్లాలు కట్టుకున్నారు. ప్రకటనల్లోకి ఫొటోలొచ్చాక పనులు పోయాయి. చివరికి పత్రిక కూడా రెండు వాక్యాల ఉత్తరంతో ఆయన్ని ఉద్యోగం మానిపించింది.

ఇంతలో మాస్టారు బొమ్మ తెచ్చారు.

"ఇది తాళాల కంపెనీ కోసం వేసింది," అంది హెలెన్. "దొంగలు జడుసుకునే మొహం కావాలన్నారు. దీన్ని చూసి ఎవరూ భయపడరని తిప్పి పంపేశారు."

"ఎవరన్నారు మేడం?" అన్నాడు ఫయాజ్, గ్రైండర్ దించకుండానే. "ఏడేళ్ళ నుంచి డెలివరీవాడు ఈ గేటు తీయడు. మాస్టారి పార్సిళ్ళన్నీ మా ఇంట్లోనే పడేసి పోతాడు."

హెలెన్ అద్దం మీద ఎర్రచుక్క చూసింది. "ఇది ఆయన పెట్టింది కాదు కదా?"

"కాదు. మా ఆవిడ."

ఆమె మాస్టారి చేతిలో ఆరిపోతున్న గుడ్డ వంక చూసింది. తర్వాత ఫోన్ తీసి, బొట్టుతో సహా బొమ్మకి ఫొటో తీసుకుంది.

"నాకిది చాలు. ఆయన గీసినవాటిలో ఇంకా ఉద్యోగంలో ఉన్నది ఇదొక్కటే. నేను మానిపించలేను."

ఫయాజ్ గ్రైండర్ లోపల పెట్టొచ్చి, బొమ్మని మేకుకి తగిలించాడు. వచ్చినవాళ్ళు ఒక్కొక్కరే జారుకున్నారు. పులిహోర ఒక్కటే మిగిలింది. మాస్టారు గుమ్మం ఫొటో తీసి కార్డిఫ్ పంపారు. సిరి చాలాసేపు ఏదో టైప్ చేసి, చివరికి ఒక బొటనవేలు గుర్తు పంపింది. ఆయన పడుకున్నారు.

ఆ తర్వాత నాలుగు రోజులు ఎవరూ ఆ గుమ్మం ఎక్కలేదు. బొమ్మ బాగానే పనిచేస్తోంది.