మొప్పలు లేని చేపే మేలు

చేపకు తల ఉండటం అనాగరికం!

ఊరికే అనడం లేదు, బాగా ఆలోచించే అంటున్నాను. తల ఉంటే కళ్ళుంటాయి. కళ్ళుంటే అది మనవైపు చూస్తుంది. తల పక్కన మొప్పలుంటాయి. మొప్పలుంటే ఎత్తి చూడాలనిపిస్తుంది. ఎత్తి చూస్తే, ఎర్రగా ఉందా, నల్లబడిందా అని అనుమానం. అనుమానం మనశ్శాంతికి చేటు. కాబట్టి సముద్రాలు దాటి, అట్టపెట్టెలో పడుకుని, తలా తోకా లేకుండా సూపర్ మార్కెట్లో దిగుతున్న చవక పెంపకపు చేపను మనమంతా చేతులెత్తి స్వాగతించాలి.

అది రాకముందు మా బతుకు ఎలా ఉండేదో చెప్పనా?

మా వీధి మలుపులో ఒక రాతి బల్ల ఉంది. దాని వెనక కూర్చునే మనిషిని అందరూ చేపలక్క అంటారు. నాకంటే బాగా చిన్నదే, కానీ కత్తిపీట ముందేసుకుని కూర్చున్నాక ఊరందరికీ అక్కే. నన్ను మాత్రం వదినా అంటుంది. మొప్ప ఎత్తి చూపించకుండా ఆ బల్ల మీద ఒక్క చేప అమ్ముడుపోయిన పాపాన పోలేదు. అడక్కముందే ఎత్తడం ఆమెకు అలవాటు. ఎత్తినా మళ్ళీ ఎత్తమనడం మాకు అలవాటు.

"చూసుకో వదినా, నీ పెదాలకన్నా ఎర్రగా ఉంది."

"నా పెదాల సంగతి నీకెందుకే, తూకం సరిగ్గా చూడు."

"తూకం సరిగ్గానే ఉంది. నీ చూపే మొగ్గు తూగుతోంది."

అంతటితో వదిలేవాళ్ళమా? పొట్ట మీద బొటనవేలితో నొక్కేవాళ్ళం. ముక్కు దగ్గర పెట్టుకునేవాళ్ళం. ఏ నీళ్ళది, ఎప్పుడు పట్టారు, ఏం తిని పెరిగింది అని నిలదీసేవాళ్ళం. మా అల్లుణ్ణి ఖాయం చేసుకునేటప్పుడు కూడా ఇంత వాకబు చేయలేదు. పాపం, చేపలక్క అన్నిటికీ జవాబు చెప్పేది. అడిగేవాడికి చెప్పేవాడు లోకువని ఊరికే అన్నారా! ఎంత టైం వేస్టు చూడండి!

ఆ అల్లుడే ఒక ఆదివారం పూట పెట్టె తెచ్చి డైనింగ్ టేబుల్ మీద పెట్టాడు.

"అత్తయ్యా, ఆఫరు. ఒకటి కొంటే ఒకటి ఫ్రీ."

"రెండోది ఎందుకిచ్చారు బాబూ ఊరికే?"

"ఊరికే ఇచ్చినదాన్ని ఎందుకని అడగరు అత్తయ్యా."

బంగారంలాంటి మాట! అప్పటినుంచి నేను అడగడం మానేశాను.

పెట్టె మీద నీలి సముద్రం, అందులోంచి ఎగిరి దూకుతున్న చేప. లోపలిది మాత్రం చెరువులో పెంచినది. అందులో తప్పేముంది? ఫోటో స్టూడియోలో పూలతోట బొమ్మ ముందు నిలబడి మనం ఫోటోలు దిగలేదూ? ఆ తోట మనదా? మనకో న్యాయం, చేపకో న్యాయమా?

పెట్టె అడుగున చీమ తలంత అక్షరాలుంటాయి. అక్షరమన్నాక చదవకుండా వదలను. కళ్ళజోడు సర్దుకుని కూడబలుక్కుని చదివాను. 'ఒకటికన్నా ఎక్కువ దేశాల ఉత్పత్తి' అని ఉంది. అంటే ఒక దేశంలో పుట్టి, ఇంకో దేశంలో ముక్కలై, మరో దేశంలో పెట్టెకెక్కిందన్నమాట. మా ఇంట్లో ఎవ్వరికీ పాస్‌పోర్టు లేదు. ఇంత లోకం చూసిన చేప మా గిన్నెలోకి దిగడం మాకు గౌరవం కాదా?

ఇక ముల్లు లేదు! మా ఆయన చేప తింటుంటే పక్కన కూర్చుని ముళ్ళు ఏరిపెట్టడమే నా కాపురంలో సగం. ఇప్పుడు మనవరాలు టీవీ చూస్తూ, కంచంలో ఏముందో చూడకుండానే తినేస్తోంది. తినేది ఏమిటో తెలియకపోవడంలో ఎంత సుఖముందో ఆ పిల్లను చూసే నేర్చుకున్నాను.

కొందరు పనిలేనివాళ్ళు భయపెడుతుంటారు. ఆ చెరువుల్లో చేపల్ని కిక్కిరిసి పెంచుతారట. జబ్బు చేయకుండా కొన్నిచోట్ల యాంటీబయాటిక్ మందులు కలుపుతారట. కలిపితే కలపనీ! మా అల్లుడు ఇన్నేళ్ళలో ఏ మందూ కోర్సు పూర్తిగా వాడి ఎరగడు. జ్వరం తగ్గగానే మాత్రలు సొరుగులో పడేస్తాడు. ఇప్పుడు అతని తరఫున చేప కోర్సు పూర్తి చేసి వస్తోంది. భోజనం ఒకచోట, మందుల షాపు ఒకచోట ఎందుకు చెప్పండి?

నిల్వ సంగతి చెప్పనే లేదు. మొన్న మా ఫ్రిజ్ చెడిపోయి ఒక పూటంతా నీళ్ళు కారింది. పాలు విరిగాయి, కూరలు వాడిపోయాయి. ఈ చేప మాత్రం ముఖం చిట్లించలేదు. చిట్లించడానికి ముఖం ఉంటే కదా!

ఇంత మంచి వస్తువును ఒక్కదాన్నే అనుభవించడం పాపం అనిపించి, ఇంటింటికీ తిరిగి చెప్పాను. కుట్టుపని ఆవిడకు చెప్పాను, బడి ఆయమ్మకు చెప్పాను, పైవాటా టీచరమ్మకు చెప్పాను. నా నోటి చలవ, చేపలక్క బల్ల మీద ఈగలు కూడా తగ్గిపోయాయి. మలుపులో కనబడి నిష్ఠూరమాడింది.

"ఈ నెల చూసి బల్ల ఎత్తేస్తాను వదినా. నా చేతులకు ఇంకో పని రాదు. నీ పుణ్యమే."

"ప్రగతికి అడ్డం పడకే," అని ధైర్యం చెప్పాను. ఆమె దగ్గర మిగిలిపోయిన చేప వంక చూడకుండా చెప్పాను. దానికి కళ్ళున్నాయి.

అయితే ఇక్కడే మావాళ్ళు ఒక పొరపాటు చేశారు. పాత అలవాటు ఎక్కడికి పోతుంది? సూపర్ మార్కెట్‌కు వెళ్ళి, పెట్టె చించి, గడ్డకట్టిన ముక్కను బొటనవేలితో నొక్కడం మొదలుపెట్టారు. కుట్టుపని ఆవిడ గోరు విరిగింది. ఆయమ్మ ముక్కు ఆనించి వాసన చూడబోతే ముక్కుకు ముక్క అతుక్కుంది, ఊడదీయడానికి గోరువెచ్చని నీళ్ళు తెప్పించారు. అందరూ కలిసి మేనేజరుని పిలిచి, "బాబూ, మొప్ప ఎత్తి చూపించు," అన్నారు.

"మొప్పలుండవమ్మా."

"లేకపోతే చేపెలా అయింది?"

ఆ కుర్రాడు చదువుకున్నవాడు, మర్యాదస్తుడు. మూడు రోజులు ఓర్చుకున్నాడు. 'చేపలను నొక్కరాదు, వాసన చూడరాదు' అని బోర్డు పెట్టాడు. మావాళ్ళు బోర్డు చదివి, చదివినందుకు సంతోషించి, మళ్ళీ నొక్కారు. చివరికి అతనికి ఒక గొప్ప ఆలోచన వచ్చింది. ఈ ఆడవాళ్ళతో వేగగలిగిన మనిషి ఊళ్ళో ఒక్కతే కదా! వెళ్ళి చేపలక్కనే ఉద్యోగంలోకి పిలిచాడు.

జుట్టుకు నెట్ టోపీ, చేతులకు గ్లవ్స్, ఎదురుగా ఏసీ! కత్తిపీట లేదు, పొలుసు లేదు, ఎండ లేదు. చూశారా, నేను చెప్పలేదూ? ఈ చేప ఎవరి పొట్టా కొట్టదు, పైపెచ్చు టోపీ పెడుతుంది!

మొదటి రోజే అందరం వెళ్ళాం. అలవాటు ప్రకారం నేనే మొదలుపెట్టాను.

"ఏ నీళ్ళదే ఇది?"

చేపలక్క పెట్టె ఎత్తింది, తిప్పింది, అడుగు చూసింది. బల్ల మీద ఇన్నేళ్ళూ ధర దగ్గర తప్ప అబద్ధమాడి ఎరగదు.

"తెలీదు వదినా."

"ఎప్పుడు పట్టారు?"

"తెలీదు."

"ఏం పెట్టి పెంచారు?"

"అదీ తెలీదు. తెలిస్తే చెప్పనా?"

వెనక వరుసలోవాళ్ళు ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకున్నారు. టీచరమ్మ బుట్టలోంచి పెట్టె తీసి మెల్లగా యథాస్థానంలో పెట్టింది. రోజూ ఇదే వరస. ఎవరడిగినా చేపలక్క "తెలీదు" అనే అంది. పెట్టెలు కదల్లేదు. మేనేజరు ఆమెను పక్కకు పిలిచి, "తెలీదనకూడదు, మంచి సరుకని చెప్పాలి," అన్నాడట. "మంచిదని మీకు తెలుసా బాబూ?" అని అడిగిందట. అతను హెడ్డాఫీసుకు ఫోన్ చేశాడు. మీ ప్రశ్న మాకెంతో విలువైనది అని ఒక గొంతు చెప్పి, పాట పెట్టింది. పాట మాత్రం బాగుందని అతనే ఒప్పుకున్నాడు.

వారం తిరక్కుండా చేపలక్కను మానిపించారు. కారణం, సరుకు గురించి అవగాహన లేకపోవడం!

నిజమే కదా! నేను కంపెనీ పక్షమే. అయితే ఒక చిన్న సందేహం. ఆ అవగాహన మేనేజరుకు లేదు. ఫోన్లో పాటకు లేదు. దిగుమతి పెట్టెల మీద ముద్ర వేసినవాళ్ళను అడుగుదామంటే, వాళ్ళు ఏ గదిలో కూర్చుంటారో చెప్పేవాళ్ళు లేరు. అందరికీ లేనిది ఒక్క చేపలక్కకు లేకపోవడమే నేరమెలా అయింది? లేదని పైకి అన్నందుకా?

ఇన్నేళ్ళూ కళ్ళెదుట కూర్చున్న ఒక్క మనిషిని పోలీసుల్లా నిలదీశాం. కనబడనివాళ్ళను ఒక్కమాట అడగలేదు. అడగనవసరం లేని చేప అని మురిసిపోయాం. వరమంటే ఇదే కాబోలు, పుచ్చుకున్నవాడు నోరెత్తకూడదు!

నిన్న పొద్దున మలుపులో బల్ల కడిగి ఉంది. కత్తిపీట వెనక చేపలక్క, టోపీ లేకుండా. కుట్టుపని ఆవిడా, ఆయమ్మా, టీచరమ్మా నాకంటే ముందే వచ్చి నిలబడ్డారు. నేను నోరు తెరవబోతే చేపలక్క చెయ్యెత్తి ఆపింది.

"ఆగు వదినా. ఇవాళ నువ్వు అడగాలి. అడిగితేనే ఎత్తుతాను."

"మొప్ప ఎత్తి చూపించవే తల్లీ," అన్నాను.

ఎత్తింది. ఎర్రగా ఉంది. ధర చెప్పింది. నా ముఖం కూడా ఆ మొప్పలాగే అయింది.

"ఇదేం రేటే?"

"ఏసీలో పనిచేసి వచ్చిన చెయ్యి వదినా."

బేరమాడకుండా తీసుకుందామనే అనుకున్నాను. కానీ మర్యాద కాదనిపించి, కాస్త ఆడాను. ఇంటికొచ్చి, మనవరాలి ముందున్న టీవీ కట్టేసి, పక్కన కూర్చుని ముళ్ళు ఏరిపెట్టాను.