మూడో రోజంటే మంగళవారమట

నాలుగేళ్ల మనవరాలిని ఎవరెప్పుడు చూసుకోవాలో మా అల్లుడు కాగితం మీద రాసి వాళ్లింటి ఫ్రిజ్‌కి అంటించాడు. వాళ్లమ్మకి, అంటే మా వియ్యపురాలికి, పోర్చుగీసు తప్ప మరో భాష రాదు. అందుకని వారాలు ఆ భాషలోనే రాశాడు.

ఆమెకి మూడు రోజులు. నాకు రెండు: తెర్స, కింత. మిగతా రోజుల్లో మా ఇంట్లో నాతో మాట్లాడేది కుక్కర్ ఒక్కటే. అదీ మూడు కూతలే.

"తెర్స అంటే మూడోది అమ్మా, మంగళవారం. వాళ్ల లెక్క ఆదివారంతో మొదలు. కింత అయిదోది, గురువారం," అంది మా అమ్మాయి.

అరవై దాటాక అక్షరాలు దిద్దినదాన్ని, ఏడు మాటలు నాకో లెక్కా? కానీ అర్థం కానట్టుంటేనే లాభం కనిపించింది. సోమవారం నుంచి లెక్కపెడితే మూడోది బుధవారం, అయిదోది శుక్రవారం!

మంగళవారం వెళ్లాను. బుధవారమూ వెళ్లాను. వియ్యపురాలు పాపకి జడ వేస్తోంది.

"తెర్స!" అన్నాను అమాయకంగా, మూడు వేళ్లు చూపించి.

ఆమె నా వేళ్లూ మొహమూ చూసి నవ్వి, రెండో జడ నాకు వదిలేసింది.

గురువారం నా వంతు. తొమ్మిదింటికల్లా ఆమె దిగింది.

"సోమవారం!" అంది, తెలుగులో.

"గురువారం వదినా!"

"సోమవారం," అంది, చెప్పులు విప్పేస్తూ.

శుక్రవారం మళ్లీ ఇద్దరమూ హాజరు. సాయంత్రం పాప, "అమ్మమ్మా, వారాలు చెప్పవా?" అంది. ఒళ్లు మరిచిపోయాను. పోర్చుగీసులో దొమింగు నుంచి సాబదు దాకా అర్థాలతో సహా గడగడా ఒప్పజెప్పాను.

పాప చప్పట్లు కొట్టింది. వియ్యపురాలికి పౌరుషం వచ్చి, ఆదివారం నుంచి శనివారం దాకా తెలుగులో తప్పు లేకుండా చదివేసింది.

"అమ్మా!" గుమ్మంలో మా అమ్మాయి, ఆఫీసు సంచీతో. "అత్తయ్య నీ ఎత్తు బుధవారమే కనిపెట్టారు. ఆ రాత్రే నాతో ఫోన్‌లో తెలుగు వారాలు నేర్చుకున్నారు. ఒక్కదానివే ఉండలేకపోతే చెబితే పోయేదిగా?"

"చెబితే జాలిపడతారు. తప్పు చేస్తే తిడతారు. తిట్లయితే నాకు అలవాటే."

మా అమ్మాయి ఫ్రిజ్ మీది కాగితం పీకేసింది. "రోజూ ఇద్దరూ రండి. శని, ఆదివారాలు మాత్రం మమ్మల్ని నిద్రపోనివ్వండి."

శనివారం ఏడింటికే వెళ్లాను. సాబదు పేరులో అంకె లేదు కదా, తికమకపడ్డానని చెప్పొచ్చు. గంట నొక్కబోతుంటే తలుపు తెరుచుకుంది. వియ్యపురాలు! కొడుకు ఇచ్చిన తాళంచెవి ఆమె దగ్గరుందిగా.

పెదవుల మీద వేలు పెట్టి, నా చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లింది. పాప గది ముందు రెండు కుర్చీలు వేసి ఉన్నాయి.