విజయవంతంగా ముగిసిన రాబిన్

యువజన సంరక్షణలో ఇక ఏ లోటూ లేదని గ్రోనింగెన్ నగరంలోని ఒక విశ్వవిద్యాలయం సగర్వంగా ప్రకటించింది. ఇల్లు వదిలి సంరక్షణ గృహాల్లో పెరుగుతున్న పిల్లలను చూసుకునేవాళ్లు కాస్త తక్కువే. ఆ పిల్లలు పెద్దయ్యాక ఉండటానికి ఇళ్లు ఇంకా తక్కువ. అయితేనేం, వాళ్లతో ఎలా మాట్లాడాలో నేర్పే సాఫ్ట్‌వేర్ మాత్రం తయారైపోయింది.

తయారుచేసింది వీట్సె హూకెమా. యాభై దాటిన ప్రోగ్రామర్. యువతరం గురించి అతని అనుభవం అపారం. ఎలాగంటే, ఒకప్పుడు అతనూ యువకుడే. ఆ కొద్దికాలంలోనూ అతన్ని ఎవరూ పలకరించలేదు, అతనూ ఎవరినీ పలకరించలేదు. ఇంతటి నిపుణుణ్ణి వదులుకోవడం ఇష్టంలేక, ఆ ఏడాది డిపార్ట్‌మెంట్‌లో ఇంకెవరూ ఖాళీగా లేక, పని అతనికే అప్పగించారు.

ఏర్పాటు చాలా సులువు. తెరమీద రాబిన్ అనే కుర్రప్రాణి కూర్చుని ఉంటుంది. ఏదో అంటుంది. శిక్షణకు వచ్చిన ఉద్యోగి మూడు జవాబుల్లో ఒకటి ఎంచుకోవాలి. సరైనదైతే తెర పై కుడిమూలన పచ్చదీపం వెలుగుతుంది. "ఈ విషయం నీకు ముఖ్యమని నాకు అర్థమవుతోంది" అనే జవాబుకు ఎప్పుడూ పచ్చదీపమే. వీట్సె దాన్ని ఎన్నిసార్లు పరీక్షించాడంటే, ఇంట్లో భార్య ఉప్పు అందించమన్నా నోట అదే వచ్చేది.

మొదట్లో రాబిన్ బూతులు తిట్టేది, ఏడ్చేది, తలుపు విసిరికొట్టి పోయేది. వీట్సెకు దాన్ని చూస్తే ముచ్చటేసేది. తర్వాత కమిటీ కూర్చుంది.

అందరూ ఒప్పుకుంటే తప్ప ఆ దేశంలో గోడకు మేకు కూడా కొట్టరు. అందరూ ఒప్పుకునేదాకా కాఫీ తాగుతారు. కాఫీతో తలా ఒక్క బిస్కెట్టు. తరువాత డబ్బా మూత పడుతుంది. ప్రాజెక్టు అధినేత్రి ఫ్రౌకె ఆ మూత మీద చెయ్యి వేసి సమావేశాలు నడిపేది.

నీతి సంఘం బూతులు తీసేయమంది. ఏడుపు వ్యక్తిగత ఆరోగ్య సమాచారం కిందికి వస్తుందని న్యాయవిభాగం అభ్యంతరపెట్టింది. కోపం విశ్వవిద్యాలయం వాళ్ల లేతనీలం రంగుకు నప్పదని ప్రచారవిభాగం బాధపడింది. తలుపు దబ్బుమంటే సంస్థలో తలుపులు నాసిరకమన్న అపోహ కలుగుతుందని భవనాలశాఖ రాసింది. కాబట్టి తలుపు పోయింది. చివరికి రాబిన్ బుద్ధిగా కూర్చుని, ఎదురుగా చూస్తూ, ఏమడిగినా "పర్లేదు" అనడం మొదలుపెట్టింది. శిక్షణకు వచ్చినవాళ్లందరికీ నూటికి నూరు. సంరక్షణ చరిత్రలో ఇంత మంచి పిల్ల పుట్టలేదని నివేదిక.

అన్ని నిర్ణయాలూ అయిపోయాక, ఒక అసలు పిల్లను సంప్రదించాలన్న నిబంధన గుర్తొచ్చింది. అలా వచ్చింది యిస్కా. సంరక్షణ గృహంలో పెరుగుతున్న పదిహేడేళ్ల పిల్ల. హోదా: అనుభవ నిపుణురాలు.

రాబిన్‌ను కాసేపు చూసి అంది: "దీనికి మత్తుమందేమైనా ఇచ్చారా?"

"ఏకాభిప్రాయం ఇచ్చాం," అన్నాడు వీట్సె.

యిస్కా పగలబడి నవ్వి, రెండో బిస్కెట్టు తీసుకుంది. ఫ్రౌకె చిరునవ్వుతోనే మూత బిగించింది.

ఆ మధ్యాహ్నమే వీట్సెకు ఒక పుట్టినతేదీ కావలసి వచ్చింది. రాబిన్ వయసు లెక్కకట్టడానికి.

"నాది వేసెయ్," అంది యిస్కా. "ఎలాగూ ఎవరూ వాడట్లేదు. కనీసం ఓ మిషనుకైనా గుర్తుంటుంది."

వీట్సె వేశాడు. చట్టం ప్రకారం పద్దెనిమిది నిండగానే సంరక్షణ ఆగిపోతుంది. వీట్సె నిక్కచ్చి మనిషి. ఆ రోజు రాగానే రాబిన్ తనంతట తానే ముగిసిపోయేలా ప్రోగ్రాంలో ఒకే ఒక్క వాక్యం రాశాడు. అంత పొట్టి వాక్యం ఇంకెవరైనా రాయగలరా అని తనను తానే మెచ్చుకున్నాడు.

"మరి నీకు పద్దెనిమిది వస్తే?" అని మాటవరసకు అడిగాడు.

"గది ఖాళీ చెయ్యాలి. ఎక్కడికెళ్లాలని అందర్నీ అడిగేది నేనే. అందరూ నాకేసి తలూపుతారు. భలే ఊపుతార్లే, నీ శిక్షణలోనే నేర్చుకున్నట్టున్నారు."

వీట్సె తలూపాడు. మాట మార్చడానికి తన ఇంటి సంగతి ఎత్తాడు. పై అంతస్తులో ఒక గది ఉందనీ, అందులో మంచుమీద జారే బూట్లూ రెండు పాత సైకిళ్లూ తప్ప ఎవరూ లేరనీ, అయినా దాన్ని వెచ్చగా ఉంచడం ఎంత దండగో అనీ చాలాసేపు వాపోయాడు.

"పాపం, సైకిళ్లకి చలేస్తుందా?" అంది యిస్కా.

ప్రారంభోత్సవానికి తేదీ కుదిరింది. అందరి డైరీల్లోనూ ఖాళీగా దొరికింది ఆ ఒక్కరోజే. యువజన సంరక్షణ చూసే నగరపాలక సభ్యుడు ఫెర్ముల్ వేదికనెక్కాడు. రాబిన్‌తో స్వయంగా సంభాషిస్తానని ప్రకటించాడు. వీట్సె మీటల పెట్టె ముందు కూర్చుని ముందు వరుసకేసి చూశాడు.

యిస్కా కూర్చుని ఉంది. ఒళ్లో కేకు. కుర్చీ కింద రెండు పెద్ద సంచులు.

అక్కడ పుట్టినరోజు ఎవరిదైతే కేకు వాళ్లే తెచ్చుకోవాలి. కేకు. పుట్టినరోజు. పద్దెనిమిది. ఒకే ఒక్క పొట్టి వాక్యం. ప్రోగ్రాం ఆపే మీట వైపు అతని చెయ్యి దూకింది.

"రాబిన్, నీ భవిష్యత్తు గురించి ఏమనుకుంటున్నావు?" అన్నాడు ఫెర్ముల్.

రాబిన్ నోరు తెరిచింది. "పర్..." అంది. మాయమైపోయింది.

తెరమీద ఖాళీ కుర్చీ. దానికింద అక్షరాలు: సంరక్షణ విజయవంతంగా ముగిసింది. అభినందనలు. పైన పచ్చదీపం.

ఫ్రౌకె చెయ్యి అక్కడ లేని బిస్కెట్ డబ్బా మూత కోసం వెతికింది. వీట్సె మనసులోనే రాజీనామా రాసి, సంతకం కూడా పెట్టేశాడు.

ఫెర్ముల్ ఆ కుర్చీని తదేకంగా చూశాడు. గొంతు సవరించుకున్నాడు. "మిత్రులారా! ఇంతటి వాస్తవికతను నేనెన్నడూ చూడలేదు! ఏ గొడవా లేదు, ఏ జాప్యమూ లేదు. మా నగరపాలక సంస్థ ఏళ్లతరబడి సాధించాలనుకుంటున్నది ఇదే! ఈ కృషి దేశమంతా వ్యాపించాలి, అందుకు నిధులు వస్తాయి!"

హాలు చప్పట్లతో దద్దరిల్లింది.

యిస్కా లేచి నిలబడింది. "ఇవాళ నా పుట్టినరోజు కూడా," అంది. "కేకు తెచ్చాను."

ఆ దేశంలో పుట్టినరోజంటే, పుట్టినవాళ్లతోపాటు చుట్టుపక్కల ఉన్న ప్రతివాళ్లకీ అభినందనలు చెప్పాలి. ఫెర్ముల్ ఫ్రౌకెను అభినందించాడు. ఫ్రౌకె వీట్సెను అభినందించింది. నీతి సంఘం న్యాయవిభాగాన్ని అభినందించింది. తలా ఒక్క ముక్క తిన్నారు. యిస్కా చేతిలో ఎవరో ఖాళీ పళ్లెం పెట్టి, వెనక్కి తిరిగి మరొకరిని అభినందించారు.

హాలు పలచబడ్డాక ఆమె రెండు సంచులూ ఎత్తుకుని వీట్సె దగ్గరకొచ్చింది.

"వీట్సె, మీ పై గదిలో ఇంకా ఆ సైకిళ్లే ఉంటున్నాయా?"

వీట్సె విన్నాడు. అర్థమైంది కూడా. ఔననడానికే నోరు తెరిచాడు.

"ఈ విషయం నీకు ముఖ్యమని నాకు అర్థమవుతోంది," అంది ఆ నోరు.

అలవాటు కొద్దీ అతని కళ్లు పైకి, కుడిమూలకు వెళ్లాయి. అక్కడ నిజంగానే పచ్చదీపం వెలుగుతోంది. తలుపు మీద, బయటికి దారి చూపే దీపం.

"పర్లేదు," అంది యిస్కా. ఆ దీపం కిందుగానే వెళ్లిపోయింది. తలుపు విసిరికొట్టలేదు.

వీట్సె చాలాసేపు ఆ తలుపుకేసి చూశాడు. ఒకప్పుడు రాబిన్ తలుపు దబ్బుమని మోగేలా తనే రాశాడు. తర్వాత తనే తీసేశాడు.

మీరైతే వెంటనే పరిగెత్తి ఆ సంచులు అందుకునేవారే. నాకు తెలుసు. ఇప్పటికే మీ మనసు కలుక్కుమంది, తల కూడా ఊపారు. సరైన జవాబు. మీకు నా అభినందనలు.