గడప బయట పరిచయం

స్వేచ్ఛ విషయంలో జపానులోని మా కొకురా నగరానిది ప్రపంచంలోనే మొదటి స్థానం. (రెండో స్థానం ఎవరిదో విచారించలేదు.) ఇక్కడ చీకటి పడ్డాక ఎవరైనా, ఎంతైనా తాగవచ్చు, పాడవచ్చు. లోపలికి రానిస్తే.

మా సందు చివరి బారులో ఆరు కుర్చీలు, ఒక మైకు ఉన్నాయి. యజమానురాలు హిసాయో గారిని అందరం అమ్మా అనే పిలుస్తాం. నియమం ఒక్కటే. పాతకాపు ఎవరైనా పరిచయం చేస్తేనే కొత్తవారికి ప్రవేశం.

ఒక శుక్రవారం క్వబేనా వచ్చి తలుపు తీశాడు. ఘనా నుంచి వచ్చిన వెల్డరు. కాపురం ఇక్కడే, కూతురు చదివేదీ ఇక్కడి బడిలోనే. ఫ్యాక్టరీ విందుకు అతన్ని తప్పకుండా పిలుస్తారు, పక్కన నిలబడి ఫొటోలు దిగుతారు. విందయ్యాక అసలు సరదా మొదలయ్యే వేళకి మర్యాదగా టాక్సీ ఎక్కిస్తారు. ఆ రోజు టాక్సీ దిగేసి, మా పాట వినబడి ఆగాడట.

"ఏమనుకోకండి, తెలిసినవాళ్ళకే," అంది అమ్మ, నడుం దాకా వంగి.

"వీళ్ళలో ఒకరు పరిచయం చేస్తే?"

పడవ కెప్టెనుగా రిటైరైన ఉషిజిమా గారు జాలిపడ్డారు. "చెయ్యకేం? కానీ నువ్వెవరో నాకు తెలీదే నాయనా."

"తెలుసుకోండి."

"అంటే కలిసి తాగాలి. నేను ఇక్కడ తప్ప ఇంకెక్కడా తాగను."

వెంటనే కమిటీ ఏర్పడింది. (ఆరుగురమూ సభ్యులమే.) గడప దాటనంతవరకు నియమం చెడదు గనుక, పరిచయ కార్యక్రమాన్ని తలుపులోంచి జరపవచ్చునని తీర్మానించాం.

బీరు పెట్టె బోర్లించి అతన్ని బయట కూర్చోబెట్టాం. చేతులు మారుతూ గ్లాసు వెళ్ళింది, ఉడికించిన ముల్లంగి వెళ్ళింది, వాన మొదలయ్యాక గొడుగు వెళ్ళింది. మైకు తీగ మాత్రం గడప దగ్గరే ఆగిపోయింది. (నోరు లోపల, మిగతా మనిషి బయట ఉండవచ్చునా? ఓటింగు పెట్టాం. ఉండవచ్చు.)

క్వబేనా మెడ సాచి, రేవులో విడిచిపోయిన ప్రియురాలి పాట అందుకున్నాడు. ఉషిజిమా గారు వెక్కివెక్కి ఏడ్చారు. పక్క బార్లవాళ్ళు గొడుగులతో వచ్చేశారు. చేపల కొట్టాయన కాల్చిన స్క్విడ్ పట్టుకొచ్చి, "ఇంకో పాట అందుకో తమ్ముడూ," అన్నాడు. సందంతా ఊగిపోయింది. మేమూ ఒక్కొక్కరం బయటపడి, అతని భుజం మీద చెయ్యేసి, వానలో గొంతు చించుకున్నాం.

లోపల అమ్మ ఒక్కతే మిగిలింది, ఆరు ఖాళీ కుర్చీలకు కాపలాగా.

"ఎవరో ఒకరు ఆ పరిచయమేదో చేసి తగలడండి," అంది చివరికి.

ఉషిజిమా గారు కళ్ళు తుడుచుకుని, తడిసిన కోటు సర్దుకున్నారు. "అమ్మా, ఈయన క్వబేనా. నాకు బాగా కావలసినవాడు."

అతను గడప దాటాడు. చప్పట్లు కొట్టాం. అతని కళ్ళు చెమర్చాయి. వాన నీళ్ళన్నాడు.

మనిషి పాతకాపయ్యాడంటే అతని పేరు రాసిన విస్కీ సీసా బారు అరలోకి ఎక్కాలి. అమ్మ కొత్త సీసా దింపి, కలం తీసింది.

"ఇంతకీ మీ ఊరెప్పుడు వెళ్ళిపోతావు బాబూ?"

"ఆఖరి రైలుకి. రెండో స్టేషనే."

అందరం పడీపడీ నవ్వాం. అమ్మ కూడా నవ్వింది. మా సీసాల మీద ఉత్త పేర్లే ఉంటాయి. అతని సీసా మీద మాత్రం ఎంతో శ్రద్ధగా, ముత్యాల్లాంటి అక్షరాలతో రాసింది: క్వబేనా గారు, విదేశీ అతిథి.